మూసారాంబాగ్‌లో మూసారాం ఎవరు? శంషాబాద్ నుంచి బొబ్బిలి దాకా రెండు స్తంభాల కథ

వెనకాల గుయ్‌మని సౌండ్ వస్తోంది కదా, అది నా మైక్ ప్రాబ్లం కాదు. ఈరోజు ఎపిసోడ్ శంషాబాద్ నుంచి షూట్ చేస్తున్నాను. నా వెనక ఎయిర్‌పోర్ట్ కాంపౌండ్. ప్రతి రెండు మూడు నిమిషాలకీ ఒక ఫ్లైట్ లేస్తది. అప్పుడు నేను ఆగుతాను, మీరు కూడా ఆగండి.

ఈ ఎపిసోడ్‌కి ఒక కారణం ఉంది. మూడు నెలల క్రితం హైదరాబాద్‌లో ఫ్రెంచ్ వాళ్ళ గురించి ఒక వీడియో పెట్టాను. బాగానే పోయింది. కానీ అందులో రెండు తప్పులు చేశాను. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. చిన్నదాన్ని చాలామంది పట్టుకున్నారు. పెద్దదాన్ని ఒకే ఒక్కరు పట్టుకున్నారు. బొబ్బిలి నుంచి ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు: "అన్నా, మీకు ఫ్రెంచోడు దేవుడేమో. మా అమ్మమ్మ బుస్సీ పేరెత్తితే ఉమ్మేసేది. ఆ ముక్క కూడా చెప్పండి." అంతే. తిట్టలేదు, వాదించలేదు. ఆ రెండు లైన్లు చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే అతను కరెక్ట్.

అందుకే ఈరోజు మొదటి నుంచీ చెప్తాను. ఈసారి రెండు వైపులా.

ముందు నేను ఇందులోకి ఎలా వచ్చానో చెప్పాలి. మీలో చాలామందికి తెలుసు, నేను బీటెక్ చేసి గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ జాబ్ చేసేవాడిని. మా ప్రాజెక్ట్‌కి క్లయింట్ ఫ్రాన్స్ వాళ్ళు. 2022లో వాళ్ళ టీం నుంచి ఒకాయన హైదరాబాద్ వచ్చాడు. లియాన్ నగరం ఆయనది. రిసీవ్ చేసుకోమని నన్ను పంపించారు. ఇదే ఎయిర్‌పోర్ట్. తెల్లవారుజామున మూడు గంటలకు అరైవల్స్ దగ్గర ఆయన పేరు రాసిన కాగితం పట్టుకుని నిలబడ్డాను.

కారెక్కాం. అవుటర్ రింగ్ రోడ్ మీద పోతున్నాం. ఆయన చాలా మర్యాదగా అడిగాడు: "మీ ఊళ్ళో మా దేశానికి సంబంధించింది ఏమైనా ఉందా?" నేను ఒక్క సెకండ్ కూడా ఆలోచించకుండా "అబ్బే, ఏం లేదు. పాండిచ్చేరిలో ఉంటాయి. ఇక్కడ చార్మినార్, బిర్యానీ" అన్నాను.

క్యాబ్ నడుపుతున్న పెద్దాయన గట్టిగా నవ్వాడు. మలక్‌పేట వైపు ఆయన. "ఏం సదివినవ్ తమ్మీ? సారుకు మూసారాం సమాధి చూపియ్యి. అది గాళ్ళ మనిషిదే. మా నాయనమ్మ ఆడ ఊదుబత్తీలు ముట్టిచ్చేది" అన్నాడు.

నాకు ముఖం మీద చన్నీళ్ళు కొట్టినట్టయింది. ఎందుకో తెలుసా? ఎంసెట్ లాంగ్ టర్మ్ కోచింగ్ కోసం నేను దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఒక సంవత్సరం ఉన్నాను. రోజూ మూసారాంబాగ్ స్టాప్ మీదుగా బస్సులో తిరిగాను. ఇప్పుడు అక్కడ ఆ పేరుతో మెట్రో స్టేషన్ కూడా ఉంది. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్కసారి కూడా నాకు డౌట్ రాలేదు. ఎవరో రాముడి పేరు పెట్టుకున్న షావుకారు అయ్యుంటాడు అనుకున్నా.

కాదు. మూసారాం అంటే మస్యూ రేమండ్. ఫ్రెంచ్‌లో "మస్యూ" అంటే మన "గారు" లాంటిది. రేమండ్ గారు. ఆ మస్యూ మన నోట్లో పడి మూసా అయింది. రేమండ్ అనేది హిందువుల నోట్లో రాం అయింది, ముస్లింల నోట్లో రహీం అయింది. మూసా రాం, మూసా రహీం. ఇద్దరూ ఒకే మనిషి. ఆ మనిషి హిందువు కాదు, ముస్లిం కాదు, మన దేశం వాడు కూడా కాదు.

ఒక్క నిమిషం, ఫ్లైట్.

సరే. ఎవరీ రేమండ్? పూర్తి పేరు మిషెల్ జొయాకిం మరీ రేమండ్. 1755లో ఫ్రాన్స్ నైరుతి వైపు, గాస్కనీ అనే ప్రాంతంలో పుట్టాడు. ఇరవై ఏళ్ళ వయసులో, 1775లో, పాండిచ్చేరిలో దిగాడు. తర్వాత సైన్యంలోకి వెళ్ళాడు, మైసూర్ వైపు పనిచేశాడు, బుస్సీ అనే పెద్ద ఫ్రెంచ్ జనరల్ దగ్గర సహాయకుడిగా ఉన్నాడు. ఈ బుస్సీ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు. బుస్సీ చనిపోయాక రేమండ్ హైదరాబాద్ వచ్చి రెండో నిజాం అయిన నిజాం అలీ ఖాన్ కొలువులో చేరాడు.

ఏం పని చేశాడు? మన భాషలో చెప్పాలంటే మిలిటరీ ఔట్‌సోర్సింగ్. నవ్వకండి, నిజంగానే అంతే. నిజాంకి యూరప్ పద్ధతిలో డ్రిల్ చేసే పటాలాలు కావాలి. ఆ ట్రైనింగ్ ఇక్కడ లేదు. రేమండ్ వచ్చి సిపాయిల్ని చేర్చుకుంటాడు, ట్రైనింగ్ ఇస్తాడు, జీతాలు ఇస్తాడు. బదులుగా నిజాం కొన్ని ప్రాంతాల ఆదాయం రాసిస్తాడు. కొన్ని వందల మందితో మొదలుపెట్టి, చనిపోయే నాటికి రేమండ్ కింద దాదాపు పద్నాలుగు వేల మంది ఉన్నారు. ఆఫీసర్లు ఫ్రెంచ్ వాళ్ళు, సిపాయిలు మనవాళ్ళు.

అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ ఉంది కదా? ఎల్బీ స్టేడియం పక్కన. ఆ పేరు కూడా ఆయన వల్లే. గన్‌ఫౌండ్రీ అంటే ఫిరంగులు పోతపోసే చోటు. పాతబస్తీ పెద్దవాళ్ళు దాన్ని తోప్ కా సాంచా అంటారు. రేమండ్ పెట్టించిన ఫిరంగుల కార్ఖానా అది. మనం బ్యాంక్ బ్రాంచి అడ్రస్ కోసం వాడుతున్న పేరు అది.

1795లో ఖర్దా దగ్గర మరాఠాలతో యుద్ధం. నిజాం ఓడిపోయాడు, కానీ రేమండ్ పటాలం గట్టిగా నిలబడింది. అదే సంవత్సరం నిజాం కొడుకు ఆలీ జా తండ్రి మీద తిరుగుబాటు చేస్తే, దాన్ని అణచడానికి నిజాం పంపించింది రేమండ్‌నే. అంటే సొంత కొడుకు కంటే ఈ విదేశీయుణ్ణి నమ్మాల్సిన పరిస్థితి.

మూడేళ్ళకి, 1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. వయసు 42. విషం పెట్టారని అప్పట్లోనే పుకారు పుట్టింది. రుజువు లేదు, కాబట్టి నేను థంబ్‌నెయిల్‌లో "హత్యా?" అని పెట్టలేదు. పెడితే వ్యూస్ వచ్చేవి, తెలుసు.

ఇక ఆదివారం నాడు నేను, ఆ లియాన్ ఆయన, ఇద్దరం వెళ్ళాం. మీరు శంషాబాద్ నుంచి వెళ్ళాలంటే ఆరాంఘర్, చాంద్రాయణగుట్ట, సంతోష్‌నగర్, సైదాబాద్ మీదుగా రావచ్చు. ఆ దారిలోనే ఫలక్‌నుమా ఉంది. ఇక్కడే నా చిన్న తప్పు ఒప్పుకోవాలి. పాత వీడియోలో ఫలక్‌నుమా ప్యాలెస్ ఫ్రెంచ్ వాళ్ళు కట్టారన్నాను. తప్పు. కట్టించింది పైగా నవాబు వికార్ ఉల్ ఉమ్రా, పందొమ్మిదో శతాబ్దం చివర్లో. లోపల పద్నాలుగో లూయీ రాజు కాలం స్టైల్లో డెకరేషన్ ఉంది నిజమే, కానీ డిజైన్ చేసింది ఇంగ్లీషాయన. అలాగే ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ డిజైన్ చేసిన జాస్పర్‌ని కూడా కొందరు ఫ్రెంచ్ అంటారు. ఆయనది బెల్జియం. ఫ్రెంచ్ మాట్లాడితే ఫ్రెంచ్ వాళ్ళు అయిపోరు, తెలుగు డబ్బింగ్ చెప్తే తెలుగు సినిమా అయిపోనట్టే.

పైగా అన్నాను కాబట్టి ఇంకో ముక్క. శంషాబాద్ అనే పేరు కూడా షంసుల్ ఉమ్రా అనే పైగా బిరుదు నుంచి వచ్చిందని చెప్తారు. ఈ పైగా వాళ్ళ మొదటి పెద్ద కూడా రేమండ్ లాగే నిజాం అలీ ఖాన్ కొలువులో సైన్యం నడిపినవాడే. అంటే ఫ్లైట్ దిగే ఊరి పేరు ఒక సేనాని బిరుదు, మెట్రో దిగే స్టేషన్ పేరు ఇంకో సేనాని పేరు. ఇద్దరూ ఒకే నిజాం దగ్గర జీతం తీసుకున్నవాళ్ళే.

సమాధికి వద్దాం. మూసారాంబాగ్ టీవీ టవర్ వెనక, ఆస్మాన్‌గఢ్ గుట్ట వైపు ఎక్కాలి. చుట్టూ ఇళ్ళు, సందులు. పైకి వెళ్ళాక ఒక్కసారిగా ఖాళీ జాగా. పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. మధ్యలో నల్లరాతి స్తంభం, దాదాపు ఏడు మీటర్ల ఎత్తు. కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, కొన మొనదేలి. గుమ్మటం లేదు, మినార్లు లేవు, శిలువ కనపడదు. రాతి మీద రెండు అక్షరాలు మాత్రం ఉన్నాయి. జె, ఆర్. జొయాకిం రేమండ్. దాని ముందు 28 స్తంభాలతో గ్రీకు గుడి లాంటి మండపం.

మా గెస్ట్ అక్కడ నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఇది పద్దెనిమిదో శతాబ్దపు ప్యారిస్."

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత చదివితే అర్థమైంది. మీకు సింపుల్‌గా చెప్తాను.

రేమండ్ పుట్టిన కాలంలో ఫ్రాన్స్‌లో ఒక కొత్త గాలి వీచింది. అంతకుముందు రాజుల భవనాలంటే బంగారు పూతలు, వంకర్లు, లతలు, పూలు. వెర్సాయ్ ప్యాలెస్ ఊహించుకోండి. ఆ ఆడంబరం మీద విసుగొచ్చి, ఆర్కిటెక్ట్‌లు వెనక్కి, గ్రీసుకీ రోముకీ వెళ్ళారు. నిటారు స్తంభాలు, ఖాళీ గోడలు, లెక్క ప్రకారం కొలతలు. అందంగా ఉండాలంటే అలంకారం అక్కర్లేదు, నిష్పత్తి చాలు అన్నారు. మనం యూఐ డిజైన్‌లో మినిమలిజం అంటాం చూడండి, ఆలోచన ఇంచుమించు అదే.

ఆ ఉద్యమంలో పెద్ద పేరు సూఫ్లో. ఆయన 1758లో ప్యారిస్‌లో ఒక చర్చి మొదలుపెట్టాడు. ముందు భాగం గ్రీకు, రోమన్ గుడి లాగా, పెద్ద పెద్ద స్తంభాలు. పైన గోపురం. కట్టడం పూర్తయ్యేసరికి 1790 అయింది, సూఫ్లో అప్పటికే చనిపోయాడు. ఈలోగా ఫ్రెంచ్ విప్లవం వచ్చింది. విప్లవకారులు ఏం చేశారంటే, 1791లో ఆ చర్చిని చర్చిగా కాకుండా దేశం గర్వించే మనుషుల సమాధి మందిరంగా మార్చేశారు. అదే పాంథియాన్. వోల్టేర్, రూసో అక్కడే ఉన్నారు. నవలా రచయిత విక్టర్ హ్యూగోని 1885లో అక్కడే ఖననం చేశారు. మేరీ క్యూరీని 1995లో తీసుకొచ్చారు. ఆమె పుట్టింది పోలండ్‌లో. గాయని, డాన్సర్ జోసెఫీన్ బేకర్‌కి 2021లో అక్కడ చోటిచ్చారు. ఆమె పుట్టింది అమెరికాలో, నల్లజాతి మహిళ. అంటే బయట పుట్టినా, నువ్వు మా మనిషివే అని ఒక దేశం చెప్పే చోటు అది.

మా గెస్ట్ వాళ్ళ లియాన్‌లో కూడా సూఫ్లో కట్టిన పెద్ద ఆసుపత్రి భవనం ఉందట. "చిన్నప్పటి నుంచి ఆ స్తంభాల ముందు నుంచే స్కూల్‌కి వెళ్ళేవాణ్ణి. అవే ఇక్కడ మేకల మధ్య చూస్తాననుకోలేదు" అన్నాడు. అవును, మేకలు కూడా ఉన్నాయి.

ఆ స్తంభం ఆకారం ఉంది కదా, దాన్ని ఒబెలిస్క్ అంటారు. పుట్టిల్లు ఈజిప్టు. అక్కడి నుంచి రోము ఎత్తుకొచ్చింది, రోము నుంచి యూరప్ అంతా నేర్చుకుంది. ప్యారిస్‌కి వెళ్తే కాంకర్డ్ కూడలిలో ఈజిప్టు నుంచి తెచ్చిన అసలు ఒబెలిస్క్ కనపడుతుంది, అందరూ సెల్ఫీలు దిగుతారు. దాన్ని అక్కడ నిలబెట్టింది 1836లో. అంటే రేమండ్ చనిపోయిన 38 ఏళ్ళకి. రేమండ్ చనిపోయిన కొన్ని నెలలకే, అదే 1798లో, నెపోలియన్ సైన్యంతోపాటు పండితుల్ని కూడా వెంటబెట్టుకుని ఈజిప్టులో దిగాడు. ఆ దండయాత్రలో దొరికిన రోసెట్టా రాయి ఆధారంగానే 1822లో షాంపోలియన్ అనే ఫ్రెంచ్ పండితుడు ఈజిప్టు బొమ్మల లిపిని చదివాడు. ఇదంతా జరగకముందే మన మూసారాం కన్నుమూశాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒక విదేశీ సేనాని సమాధికి మన జనం ఎందుకు దీపం పెట్టారు?

పెట్టారన్నది మాత్రం నిజం. ఏటా ఆయన వర్ధంతికి అక్కడ ఉర్సు జరిగేది. అగరొత్తులు, దీపాలు. ఇరవయ్యో శతాబ్దంలో కూడా చాలా ఏళ్ళు సాగింది. నిజాం వైపు నుంచి ఆ రోజు ఒక చుట్టల పెట్టె, ఒక బీరు సీసా పంపేవారట. సమాధి మీద చుట్టలు, బీరు! మన పోశమ్మకి కల్లు సాకపోసినట్టు. దేవుడికి ఏది ఇష్టమో అదే పెట్టాలి కదా. ఆయన అక్కడి దొర, ఆయనకు ఇష్టమైనవి ఇవి అనుకున్నారు. నాకు ఇందులో నవ్వుకంటే ప్రేమ ఎక్కువ కనపడింది.

ఎందుకంత ప్రేమ? ఒక కారణం జీతం. ఆ కాలంలో సిపాయి జీతం నెలల తరబడి ఆగేది. రేమండ్ చనిపోయాక ఆయన స్థానంలో పిరాన్ అనే ఆఫీసర్ వచ్చాడు. అదే సంవత్సరం సెప్టెంబర్ 1న నిజాం బ్రిటిష్ వాళ్ళతో సంధి చేసుకున్నాడు. షరతు: ఫ్రెంచ్ పటాలాన్ని రద్దు చేయాలి. అక్టోబర్ 22న బ్రిటిష్ సైన్యం క్యాంపుని చుట్టుముట్టింది. లోపల పదివేలకు పైగా సిపాయిలు. అప్పటికే జీతం బాకీల కోసం సొంత ఆఫీసర్ల మీదే తిరగబడి ఉన్నారు. బాకీలు ఇప్పిస్తామన్న మాట మీద ఆయుధాలు కింద పెట్టారు. రక్తం చుక్క పడకుండా ఒక్క పూటలో అయిపోయింది. మరుసటి ఏడాది టిప్పు సుల్తాన్ పోయాడు. హైదరాబాద్‌లో ఇంక 1947 దాకా బ్రిటిష్ రెసిడెంట్ మాటే మాట.

ఆలోచించండి. పదివేల కుటుంబాలు. ఉద్యోగం పోయింది. నిన్నటిదాకా నెలనెలా జీతమిచ్చిన పెద్దమనిషి గుట్ట మీద సమాధిలో ఉన్నాడు. వాళ్ళు ఎక్కడికి వెళ్ళుంటారు? గుట్ట ఎక్కి ఉంటారు. ఇది నా ఊహ, చరిత్ర అని చెప్పట్లేదు. కానీ లేఆఫ్ అయిన రోజు పాత మేనేజర్‌ని తలుచుకున్న వాళ్ళకి నేను చెప్పేది అర్థమవుతుంది.

ఇదీ నా పాత వీడియో కథ. దీనికే "హైదరాబాద్ ప్రేమించిన ఫ్రెంచ్ హీరో" అని టైటిల్ పెట్టాను. ఇప్పుడు పెద్ద తప్పు దగ్గరికి వద్దాం. బుస్సీ దగ్గరికి.

రేమండ్ కంటే సుమారు 35 ఏళ్ళ ముందే హైదరాబాద్‌లో ఫ్రెంచ్ సైన్యం ఉంది. 1751లో సలాబత్ జంగ్‌ని గద్దె మీద కూర్చోబెట్టి, వెంట తీసుకొచ్చింది బుస్సీనే. చార్మినార్ దగ్గర చార్‌మహల్ తోటలో తన సైన్యంతో ఉన్నాడు. 1756లో కొలువు నుంచి తీసేస్తే, అదే తోటలో మోర్చాలు కట్టుకుని కూర్చుని, మళ్ళీ తన మాట నెగ్గించుకున్నాడు. మరి ఆయన సైన్యానికి జీతాలు? అదే మోడల్. 1753లో నిజాం కోస్తాలోని ఉత్తర సర్కారుల ఆదాయం ఫ్రెంచ్ వాళ్ళకి రాసిచ్చాడు. కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లు.

కాగితం మీద ఒక లైను. ఆ ఆదాయం వసూలు చేయాలంటే ఎవరో ఒకరు ఊళ్ళమీదికి వెళ్ళాలి కదా? బుస్సీ వెళ్ళాడు. విజయనగరం విజయరామరాజు ఆయనకు తోడు. విజయరామరాజుకి, పక్కనున్న బొబ్బిలి రంగారావుకి పాత పగ. బొబ్బిలి కోట ఖాళీ చేసి వేరేచోటికి పొమ్మన్నారు. రంగారావు పోనన్నాడు. 1757 జనవరి 24. ఫ్రెంచ్ ఫిరంగులు మట్టికోట మీద గర్జించాయి. తెల్లారి మొదలైన యుద్ధం సాయంత్రానికి ముగిసింది. కోట నిలబడదని తెలిశాక, శత్రువు చేతికి చిక్కకూడదని లోపలి ఆడవాళ్ళని, పిల్లల్ని సొంతవాళ్ళే చంపుకున్నారు. రంగారావు పోరాడి చనిపోయాడు. ఒక చిన్న పిల్లవాడు మాత్రం బతికాడు. తర్వాత కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు రాత్రిపూట డేరాలోకి దూరి విజయరామరాజుని చంపాడు. మీరు సినిమాలో చూసింది, బుర్రకథలో విన్నది ఇదే.

చూశారా? మోడల్ ఒకటే. నిజాం ఆదాయం రాసిస్తాడు, ఫ్రెంచ్ సేనాని సైన్యం నడుపుతాడు. హైదరాబాద్‌లో జీతం తీసుకున్న సిపాయికి ఆ దొర దేవుడు. ఆ జీతానికి పన్ను కట్టిన ఊరికి ఆ దొర యముడు. బుస్సీ చెడ్డవాడు, రేమండ్ మంచివాడు అని చెప్పేయడం ఈజీ. నేను అదే చేశాను. కానీ రేమండ్ పద్నాలుగు వేల మందికి ఇచ్చిన జీతం కూడా ఏదో ఒక ఊళ్ళో రైతు కట్టిందే. ఆ రైతు కథ ఎవరూ రాయలేదు. బొబ్బిలి వాళ్ళు పాట కట్టారు కాబట్టి మనకి తెలిసింది. పాట కట్టని ఊళ్ళు ఎన్నో మనకి తెలియదు.

బొబ్బిలి తమ్ముడూ, నువ్వు చూస్తున్నావని తెలుసు. సారీ. నీ కామెంట్ చదివాక నేను బొబ్బిలి వచ్చాను. పాత కోట ఉన్న చోట యుద్ధ స్మారక స్తంభం చూశాను. దాని ముందు నిలబడితే నాకు వెంటనే మూసారాంబాగ్ గుట్ట గుర్తొచ్చింది. అక్కడొక స్తంభం, ఇక్కడొక స్తంభం. ఒకటి ఫ్రెంచ్ సేనాని కోసం, ఒకటి ఫ్రెంచ్ ఫిరంగులకి ఎదురు నిలిచినవాళ్ళ కోసం. రెండూ తెలుగు నేల మీదే. పాత వీడియో డిలీట్ చేయలేదు, టైటిల్ మార్చాను, పైన ఈ ఎపిసోడ్ లింక్ పిన్ చేశాను. డిలీట్ చేస్తే తప్పు చేయనట్టు నటించినట్టవుతుంది.

మళ్ళీ ఫ్లైట్. ఇది పెద్దది.

ఇప్పుడు ఈ ఎయిర్‌పోర్ట్ ముందు నిలబడి ఎందుకు చెప్తున్నానో చెప్తాను. ఫ్రెంచ్ కథ 1798లో అయిపోలేదు. యానాం మన గోదావరి పక్కనే 1954 దాకా ఫ్రెంచ్ పాలనలో ఉంది. ఇక ఈ శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మొదలైంది 2008 మార్చిలో. 2020లో ప్యారిస్ ఎయిర్‌పోర్ట్‌లు నడిపే గ్రూప్ ఏడీపీ అనే సంస్థ, మన జీఎంఆర్ ఎయిర్‌పోర్ట్స్‌లో 49 శాతం వాటా కొన్నది. ఈ కాంపౌండ్ పక్కనే ఏరోస్పేస్ పార్క్‌లో సాఫ్రాన్ అనే ఫ్రెంచ్ కంపెనీ ఫ్యాక్టరీలు ఉన్నాయి. విమానం ఇంజన్ల భాగాలు, వైరింగ్ చేస్తారు. 2025 నవంబర్‌లో లీప్ ఇంజన్ల రిపేర్ సెంటర్ కూడా మొదలైంది. గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు, శంషాబాద్‌లో జెట్ ఇంజన్లు. ఇక్కడ పనిచేసే డిప్లొమా, బీటెక్ పిల్లలు మన ఛానల్ చూస్తారని తెలుసు. హాయ్.

ఆ గ్రూప్ ఏడీపీ పేరు వింటే నాకు ఒక ఆర్కిటెక్ట్ గుర్తొస్తాడు. పాల్ ఆండ్ర్యూ. ప్యారిస్ షార్ల్ ద గోల్ ఎయిర్‌పోర్ట్ మొదటి టెర్మినల్ డిజైన్ చేసే పని చేతికొచ్చేసరికి ఆయన వయసు 29. దాదాపు నా వయసు. 1974లో అది తెరిచారు. గుండ్రటి కాంక్రీట్ భవనం, మధ్యలో ఖాళీ, ఆ ఖాళీలో గాజు గొట్టాల్లో ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే ఎస్కలేటర్లు. తర్వాత బీజింగ్‌లో గుడ్డు ఆకారంలో నేషనల్ థియేటర్ కూడా ఆయనే చేశాడు. కానీ అదే ఆండ్ర్యూ డిజైన్ చేసిన ఇంకో టెర్మినల్, 2ఈ, తెరిచి ఏడాది కూడా కాకముందే 2004 మే 23న కొంత భాగం కూలిపోయింది. నలుగురు చనిపోయారు. విచారణ జరిగింది, లోపాలు రాశారు, పడిన భాగాన్ని మళ్ళీ కట్టారు.

ఇది ఎందుకు చెప్పానంటే, మన రేమండ్ మండపం కూడా కూలింది. 2001 అక్టోబర్ వానలకి. 28 స్తంభాల మండపం, రెండు వందల ఏళ్ళు నిలబడింది, పడిపోయింది. తర్వాత మళ్ళీ నిలబెట్టారు. నేను చూసింది ఆ తిరిగి కట్టినదే. క్యాబ్ పెద్దాయన అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "పడ్డప్పుడు పేపర్ల వచ్చింది తమ్మీ. నిలవడ్డన్ని రోజులు ఎవడు రాసిండు?"

నేను జాబ్ మానేసి ఈ వీడియోలు చేస్తానన్నప్పుడు మా నాన్న ఒకటే అడిగారు. "చచ్చినోళ్ళ కథలు ఎవరికి పనికొస్తయిరా?" అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు కొంచెం దొరికింది అనుకుంటున్నా. నాన్నా, మనం రోజూ ఎక్కే బస్ స్టాప్ పేరులో ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషి వెనక పద్నాలుగు వేల సిపాయిలు ఉన్నారు. వాళ్ళ జీతం వెనక ఊళ్ళు ఉన్నాయి. అదే మోడల్ వల్ల బొబ్బిలిలో ఒక కోట బూడిదైంది. ఇది తెలియకపోతే ఏమీ కాదు, బస్సు ఎలాగూ వస్తుంది. కానీ తెలిస్తే, రేపు ఎవడో వచ్చి "ఈ ఊళ్ళో ఇది మాదే, వాళ్ళది ఏం లేదు" అంటే, ఆగు బ్రదర్ అని చెప్పగలం. ఎందుకంటే ఆ మాట నేనే అన్నాను, అదే అవుటర్ రింగ్ రోడ్ మీద. "అబ్బే, ఏం లేదు" అని.

ఒక చిన్న రిక్వెస్ట్. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, సైదాబాద్ హాస్టల్స్‌లో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, ఈ ఆదివారం ఆ గుట్ట ఎక్కండి. గంట కూడా పట్టదు. గోడల మీద పేర్లు రాయకండి, సీసాలు పారేయకండి, స్తంభాలు ఎక్కి రీల్స్ చేయకండి. మండపంలో కూర్చోండి. 28 స్తంభాలు లెక్కపెట్టండి. రాతి మీద ఆ రెండు అక్షరాలు వెతకండి. అక్కడ దీపం పెట్టే పెద్దవాళ్ళు ఎవరైనా మీ ఇంట్లో ఉండుంటే, వాళ్ళు ఏం మొక్కుకునేవారో అడిగి కామెంట్లో రాయండి. అది ఏ పుస్తకంలోనూ దొరకదు. ఉత్తరాంధ్ర వాళ్ళు బొబ్బిలి వైపు మీ ఇళ్ళలో విన్నది రాయండి. రెండూ పక్కపక్కనే ఉండనివ్వండి.

మా లియాన్ గెస్ట్ వెళ్ళిపోయే రోజు మళ్ళీ నేనే డ్రాప్ చేశాను, ఇదే డిపార్చర్స్ గేట్ దగ్గర. చెయ్యి కలిపి, "మస్యూ" అని నా పేరు పిలిచాడు. నేను నవ్వాను. మా ఊళ్ళో ఆ మాటని ఏం చేస్తామో తెలుసుగా, జాగ్రత్త అన్నాను.

ఈరోజుకి ఇంతే ఫ్రెండ్స్. తప్పులుంటే చెప్పండి, బొబ్బిలి తమ్ముడిలా చెప్పండి. వచ్చే వారం కలుద్దాం. జాగ్రత్తగా ఇంటికెళ్ళండి.